థర్మోకోల్ కోసే తీగ వేడెక్కడానికి అర నిమిషం పైనే పడుతోంది, తప్పెక్కడ?

తుంగభద్ర_డెకర్ (కర్నూలు), సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. నాది కర్నూలు, సి. క్యాంప్ వైపు. పెళ్లి స్టేజీలు, పుట్టినరోజు బోర్డులు చేస్తుంటాను, చవితి వస్తే మంటపాల పని. థర్మోకోల్ కోయడానికి నేనే చేసుకున్న విల్లు ఉంది, చెక్క ఫ్రేము, రెండు చివర్ల బోల్టులు, మధ్యలో నిక్రోమ్ తీగ (కరెంటు పోతే వేడెక్కే రకం), 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ 3 ఆంపియర్లది, మధ్య ట్యాపు నుంచి ఒక చివరకి కలిపి 12 ఓల్టులే వాడతాను. మూడేళ్లుగా ఏ గొడవా లేదు, స్విచ్ వేసి షీటు సర్దుకునేలోపు తీగ రెడీగా ఉండేది.

పోయిన వారం తీగ తెగింది. ఎలాగూ తెగింది కదా అని విల్లు కూడా పెద్దది చేసినా, ముందు రెండడుగులు ఉండేది ఇప్పుడు మూడడుగులు. షాపులో ‘గట్టి తీగ ఇవ్వన్నా, మళ్లీ తెగకూడదు’ అంటే లావుది ఇచ్చినాడు. అప్పటి నుంచి స్విచ్ వేస్తే అర నిమిషం దాటినా సరిగా కాలదు, కాలినా షీటులో పెట్టగానే చల్లబడిపోయి ఇరుక్కుంటుంది. బలవంతంగా లాగితే తీగ నడుమ వెనక్కి వంగిపోతుంది, పైన ‘శు’ బాగానే కనబడుతుంది, షీటు తిప్పి చూస్తే అడుగున ఆ కొమ్ము ఇంకెక్కడో ఉంటుంది. గురువారం రాత్రి ముహూర్తం, ‘శుభ వివాహం’తో పాటు రెండు పేర్లు కోయాలి. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందా? కొత్తది కొనేయమంటారా?

గుత్తి_కోట, సోమవారం రాత్రి 10:31

ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకన్నా, తీసేయ్. మా ఊళ్లో ఒకాయన 200 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి నేరుగా కరెంటుకే కలిపేసినాడు. ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టినా అవుతుందంట.

అనంత_వైండింగ్ (అనంతపురం), సోమవారం రాత్రి 10:40

గుత్తి తమ్ముడూ, కోపం తెచ్చుకోకు, ఇది చదివి ఎవరైనా చేస్తారేమోనని గట్టిగా చెబుతున్నా. ఆ తీగ చేతికి జానెడు దూరంలో ఉంటుంది, దానిమీద తొడుగు ఉండదు. 200 వాట్ల బల్బు సీరీస్‌లో పెడితే ఒక ఆంపియర్ కూడా రాదు, 0.87 మించదు. ఆ కాస్త కరెంటుకి ఆ తీగ థర్మోకోల్ కోసేంత వేడెక్కదు, కానీ అది 230 ఓల్టుల లైవ్ తీగే. బల్బు ఎంచక్కా వెలుగుతుంది, తీగ వేడెక్కదు, తాకినవాడు పోతాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది ఓల్టేజీ తగ్గించడానికే కాదు, లైను నుంచి మనిషిని విడదీయడానికి కూడా. దాన్ని తీయమని ఎవరు చెప్పినా వినొద్దు.

డెకర్ నాయనా, కొత్తది కొనే ముందు మూడు సంగతులు చెప్పు. పాత తీగ గేజ్ ఎంత, కొత్తది ఎంత? ట్రాన్స్‌ఫార్మర్ నుంచి విల్లు దాకా ఏ వైరు, ఎంత పొడవు? మల్టీమీటర్ ఉందా?

గుత్తి_కోట, సోమవారం రాత్రి 10:44

సరే అన్నా, నేను చేయలేదులే, చూసింది చెప్పినా.

కడప_కారం, సోమవారం రాత్రి 11:05

నేను గల్ఫ్‌లో నాలుగేళ్లు ఉన్నప్పుడు వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) వాడేవాణ్ని, కాయిల్ మనమే చుట్టుకుని స్క్రూలు బిగించుకునే రకం. ఇక్కడికొచ్చాక మానేసినా, అది వేరే కథ. కానీ నీ రోగం చదువుతుంటే అచ్చం అదే, బటన్ నొక్కితే కాయిల్ వేడెక్కి లేవడానికి తీరిగ్గా మూడు నాలుగు సెకన్లు తీసుకునేది. అక్కడ నేను తెలుసుకున్నది ఏమిటంటే పది సార్లలో ఎనిమిది సార్లు తప్పు కాయిల్‌ది కాదు, దాన్ని పట్టుకున్న స్క్రూది. వేడెక్కి చల్లారి వేడెక్కి చల్లారి స్క్రూ వదులవుతుంది. మీటరు అంకె ఒకసారి 0.35, ఇంకోసారి 0.42 అని ఊగుతుంటే స్క్రూ పట్టు పోయిందని అర్థం. మొత్తం రెసిస్టెన్సే అర ఓం లోపు ఉన్నచోట స్క్రూ దగ్గర 0.1 పోయినా పెద్ద దెబ్బే కదా.

మిగతా రెండుసార్లు తీగ లావు. లావు తీగ మీద సన్న తీగ చుట్టి ఇస్తారు, క్లాప్టన్ అంటారు, చూడ్డానికి భలే ఉంటుంది కానీ లోహం ఎక్కువ, అంత లోహం వేడెక్కాలంటే టైం పడుతుంది. పాత బ్యాటరీ వేస్తే ఇంకా ఆలస్యం, ఊరికే చూస్తే ఓల్టేజీ బాగుంటుంది, బటన్ నొక్కగానే కూలబడుతుంది.

నీ విల్లులో ఆ బోల్టులు చేత్తో తాకి చూడు, స్విచ్ ఆపేసి. తీగకంటే ముందు బోల్టు వేడెక్కుతోందా?

మోడరేటర్, సోమవారం రాత్రి 11:20

కాయిల్ సంగతి వరకు మాట్లాడుకోవచ్చు. ఆ సాధనాల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ 2019 చట్టంతో మన దేశంలో నిషేధం, కాబట్టి ఎక్కడ దొరుకుతాయి, ఎవరు తెస్తారు అన్న మాటలు ఇక్కడ వద్దు. ఇప్పటికే ఒక పోస్టు తీసేశాను.

తుంగభద్ర_డెకర్, మంగళవారం ఉదయం 7:50

అన్నలిద్దరికీ థాంక్స్. పాత తీగ ముక్క డబ్బాలో దొరికింది, షాపుకి తీసుకెళ్లి చూపిస్తే 28 గేజ్ అన్నాడు, కొత్తది 24, నంబరు తగ్గేకొద్దీ తీగ లావంట. వైరు అంటారా, ముందు ట్రాన్స్‌ఫార్మర్ టేబుల్ మీదే ఉండేది, దుమ్ము పడుతోందని ఇప్పుడు మూలన కింద పెట్టినా, అక్కడి నుంచి ఐదు మీటర్ల వైరు లాగినా. పాత హోం థియేటర్‌ది, ఎరుపు నలుపు రంగుల్లో ఉంటుందే, స్పీకర్ వైరు.

కడపన్నా నీ నోట్లో చక్కెర పోయ. ఎడమ వైపు బోల్టు చుర్రుమంది! నిన్న చూసుకోలేదు. మల్టీమీటర్ పక్కింటి ఫ్రిజ్ మెకానిక్ దగ్గర తెచ్చినా, తీగ 4.4 ఓంలు చూపిస్తోంది.

ప్రొద్దుటూరు_సోల్డర్, మంగళవారం ఉదయం 8:15

4.4 అనేది నిజం అంకె కాకపోవచ్చు బ్రో. మీటరు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి చూడు, సున్నా రాదు, ఎంతో కొంత చూపిస్తుంది. అది ప్రోబుల సొంత రెసిస్టెన్స్, దాన్ని తీసేయాలి. నేను మొబైల్ బోర్డులు చూస్తాను, ఈ పొరపాటుకి ఎన్ని మంచి కాయిల్స్ మార్చి పారేశానో.

తుంగభద్ర_డెకర్, మంగళవారం ఉదయం 8:22

0.4 చూపిస్తోంది. అంటే తీగ 4.0.

అనంత_వైండింగ్, మంగళవారం ఉదయం 9:30

లెక్క సరిపోయింది. 24 గేజ్ అంటే 0.56 మిల్లీమీటర్లు, 80-20 నిక్రోమ్ (నికెల్ 80, క్రోమియం 20 పాళ్లు) అయితే మీటరుకి 4.4 ఓంలు వస్తుంది, నీది 90 సెంటీమీటర్లు, 4.0 రావాలి, వచ్చింది. తీగలో కల్తీ ఏమీ లేదు, షాపతన్ని తిట్టొద్దు. గేజ్ అడిగేటప్పుడు మన షాపుల్లో ఎస్‌డబ్ల్యుజి అనే బ్రిటిష్ గేజ్ లెక్క, యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు చెప్పేది ఎడబ్ల్యుజి, నంబరు ఒకటే అయినా సైజు వేరు, అది గుర్తుపెట్టుకో.

ఇప్పుడు పాత తీగ సంగతి చూడు. 28 గేజ్ 0.376 మిల్లీమీటర్లు, మీటరుకి 9.8 ఓంలు. 60 సెంటీమీటర్లకి 5.9 ఓంలు. 12 ఓల్టులిస్తే రెండు ఆంపియర్లు, 24 వాట్లు, అంటే ఒక్కో సెంటీమీటరు తీగకి 0.4 వాటు. కొత్త తీగకి 12 ఓల్టులూ అందితే మూడు ఆంపియర్లు, 36 వాట్లు. వాట్లు పెరిగాయి కదా అనిపిస్తుంది. కానీ పొడవు కూడా పెరిగింది, సెంటీమీటరుకి మళ్లీ అదే 0.4. ఆ సెంటీమీటరులో లోహం మాత్రం రెండింతల పైన, 2.2 రెట్లు. అంటే చిన్న పొయ్యి అదే, దాని మీద గిన్నె మారింది. పైగా లావు తీగకి గాలి తగిలే ఒళ్లు ఎక్కువ, చివరికి చేరే వేడి కూడా తక్కువే.

ఇది 12 ఓల్టులూ అందితే సంగతి. అందుతున్నాయని నాకు నమ్మకం లేదు. తీగ వేడెక్కుతుండగా, స్విచ్ ఆన్‌లో ఉండగా, రెండు చోట్ల ఏసీ ఓల్టేజీ చూడు. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర, రెండోది నిక్రోమ్ తీగ మీదే, బోల్టుకి లోపలి వైపు. బోల్టు మీద పెట్టొద్దు, తీగ మీద పెట్టు.

పెన్న_ఒడ్డు, మంగళవారం ఉదయం 10:02

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ఇంట్లో నీళ్లు కాచుకునే రాడ్డు కూడా ఈమధ్య ఆలస్యమే, బకెట్టుకి ముప్పావు గంట. మాది అనంతపురం పక్క పల్లె, బోరు నీళ్లు, రాడ్డు మీద తెల్లగా సున్నం పేరుకుంది. అదేనా కారణం?

అనంత_వైండింగ్, మంగళవారం ఉదయం 10:15

సున్నం తీసేయి, వెనిగర్‌లో నానబెడితే వస్తుంది, కానీ ఆలస్యానికి ముఖ్య కారణం అది కాదు. సున్నం పట్టినా రాడ్డు లాగే వాట్లు దాదాపు అవే, ఆ వేడి ఎప్పటికైనా నీళ్లలోకి పోవాల్సిందే. కాకపోతే లోపల కాయిల్ ఎక్కువ వేడెక్కి తొందరగా కాలిపోతుంది. నువ్వు నీళ్లు కాచేది తెల్లారి ఐదింటికా, మోటార్లన్నీ నడిచే టైములోనా? ప్లగ్గు దగ్గర ఓల్టేజీ చూడు. 230 ఉండాల్సింది 195 ఉంటే వాట్లు నూటికి 72కి పడిపోతాయి. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయేమో కూడా చూసి, వేరే పోస్టు పెట్టు, ఇక్కడ పెళ్లి పని ఆగుతుంది.

పెన్న_ఒడ్డు, మంగళవారం ఉదయం 10:21

మోటార్ల టైమే సామీ. పిన్ను ఒకటి నల్లగానే ఉంది. వేరేగా పెడతా.

తుంగభద్ర_డెకర్, మంగళవారం మధ్యాహ్నం 1:40

చూసినా. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఊరికే ఉన్నప్పుడు 13.1, తీగ ఆన్ చేస్తే 12.0. తీగ మీద మాత్రం 9.1. మూడు ఓల్టులు దారిలోనే పోతున్నాయా? ట్రాన్స్‌ఫార్మర్‌ని ఊరికే అనుమానించినా.

కడప_కారం, మంగళవారం మధ్యాహ్నం 1:55

దొరికింది దొంగ. ఇంకొంచెం వెతుకు. ఒక ప్రోబు బోల్టు తల మీద, ఇంకోటి దానికి ఆనుకున్న తీగ మీద పెట్టు. అక్కడ అసలు ఏమీ రాకూడదు.

తుంగభద్ర_డెకర్, మంగళవారం మధ్యాహ్నం 2:10

ఎడమ బోల్టు 0.7, కుడి 0.1. మిగిలిన 2.1 ఆ ఐదు మీటర్ల వైరులో.

అనంత_వైండింగ్, మంగళవారం మధ్యాహ్నం 2:45

9.1 ఓల్టులు, 4 ఓంలు, అంటే 2.3 ఆంపియర్లు కూడా లేవు, తీగకి అందుతున్నది 20 వాట్ల చిల్లర. 36 రావాల్సింది 20. సెంటీమీటరుకి 0.23. పాత తీగకి 0.4 ఉండేది, పైగా అది సన్నది. ఇంకేం కాలుతుంది నాయనా అది.

వైరు లెక్క కూడా విను. ఐదు మీటర్లంటే పోను రాను పది మీటర్ల రాగి. స్పీకర్ వైరు లోపల వెంట్రుకల్లాంటి పోగులు పదో పదిహేనో ఉంటాయి. 2.1 ఓల్టులు పోతున్నాయంటే దాని రెసిస్టెన్స్ 0.9 ఓం. మామూలు ఇంటి వైరింగ్‌లో 50 ఓంల వస్తువుకి 0.9 ఓం లెక్కే కాదు. నీది 4 ఓంల తీగ, వచ్చే 12 ఓల్టుల్లో దాదాపు ఆరో వంతు వైరే తినేస్తోంది.

ప్రొద్దుటూరు_సోల్డర్, మంగళవారం సాయంత్రం 5:30

బోల్టు విప్పి ఫొటో పెట్టు బ్రో. నాకు తెలిసి ఇనుప బోల్టు, తుప్పు పట్టి ఉంటుంది. నిక్రోమ్‌కి మామూలు సోల్డర్ అతుక్కోదు, ముద్ద కట్టి జారిపోతుంది, కాబట్టి నట్టు వాషర్లతో గట్టిగా నొక్కి పట్టాల్సిందే. ఇత్తడి బోల్టు, రెండు ఇత్తడి వాషర్లు, వాటి మధ్యన తీగ ఒక చుట్టు. రాగి వైరు కూడా అదే వాషర్ల మధ్యకి రావాలి, తీగని నేరుగా తాకాలి. కొందరు తీగ ఒక వాషర్ కింద, వైరు ఫ్రేము అవతల వైపు నట్టు కింద పెడతారు, అప్పుడు కరెంటంతా బోల్టు మరలమీదుగా పోవాలి.

తుంగభద్ర_డెకర్, మంగళవారం రాత్రి 8:05

సరిగ్గా అదే చేసినా, వైరు అవతలి నట్టు కింద. ఫొటో ఎందుకులే, సిగ్గుగా ఉంది. ఎడమ బోల్టుకి స్ప్రింగు కూడా తగిలించినా, తీగ వేడికి సాగి వేలాడుతుంటే బిగువు కోసం. కరెంటు ఆ స్ప్రింగులోంచే పోతోంది.

అనంత_వైండింగ్, మంగళవారం రాత్రి 8:30

స్ప్రింగు ఉండాల్సిందే, మంచి పని చేశావు. కానీ కరెంటు దాన్లోంచి పోకూడదు, వేడికి స్ప్రింగు బిగువు చచ్చిపోతుంది. వైరుని తీగ చివరే పట్టించి, కొంచెం వదులుగా వంపు ఉంచు, స్ప్రింగు లాగడం వరకే చేస్తుంది.

ఇక తీగ సంగతి. రెండు దారులున్నాయి. విల్లు మూడడుగులే కావాలంటే మళ్లీ 28 గేజ్ వేసి 18 ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకో. ఒకే తీగకి అదే ఆంపియర్లు పంపితే అదే వేడి వస్తుంది, పొడవు ఒకటిన్నర రెట్లయితే ఓల్టేజీ ఒకటిన్నర రెట్లు చాలు. అంతకంటే గొడవేమీ లేదు. 12-0-12లో రెండు చివరలూ కలిపి 24 పెడదామనుకోకు, 28 గేజ్ ఎర్రగా కాలిపోతుంది, నీ 24 గేజ్ పెడితే ఆరు ఆంపియర్లు లాగి ట్రాన్స్‌ఫార్మర్ వాసనొస్తుంది.

రెండో దారి, విల్లు తగ్గించడం. మూడడుగులు నిజంగా దేనికి?

తుంగభద్ర_డెకర్, మంగళవారం రాత్రి 8:41

నిజం చెప్పాలంటే దేనికీ కాదు. పెద్దది ఉంటే బాగుంటుందని. షీటు వెడల్పు అర మీటరే.

కడప_కారం, మంగళవారం రాత్రి 8:44

హహ, గల్ఫ్‌లో మేమంతా అంతే, పెద్ద కాయిల్ ఉన్నోడే పెద్ద మనిషి. తర్వాత సన్న తీగకే వచ్చినా.

అనంత_వైండింగ్, మంగళవారం రాత్రి 9:00

అయితే 26 గేజ్, 70 సెంటీమీటర్లు. 4.6, 4.7 ఓంలు వస్తుంది, రెండున్నర ఆంపియర్లు, 30 వాట్లు. 28 అంత తొందరగా తెగదు, 24 అంత మొద్దూ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ టేబుల్ మీదికి ఎక్కించు, దుమ్ము పడితే తుడువు. రెండు మీటర్ల వైరు, 1.5 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్.

గుత్తి_కోట, బుధవారం ఉదయం 11:10

అన్నా ఒక డౌటు, తీగ ఎర్రగా కాలితే ఇంకా బాగా కోస్తుంది కదా?

ప్రొద్దుటూరు_సోల్డర్, బుధవారం ఉదయం 11:25

కోస్తుంది, కానీ గీత సన్నగా రాదు. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్, వంద డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడిపోతుంది. ఎర్ర తీగ తాకకముందే పక్కలు కరిగి వెనక్కి పోతాయి, గాడి వెడల్పవుతుంది, పొగ ఎక్కువ, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా. చీకటి గదిలో చూసినా ఎరుపు కనబడకూడదు, అదీ కొలత. పొగ మాత్రం పీల్చొద్దు, స్టైరీన్ ఉంటుంది, కిటికీ తీసి ఫ్యాను బయటికి తిప్పి పెట్టుకో.

మన అక్షరాలకైతే ఇంకా జాగ్రత్త. ఇంగ్లీషు అక్షరాలు గీతలు, చేతికి ఆగే పనిలేదు. మనవి అన్నీ గుండ్రాలే, ‘భ’ మెలిక దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగితే చాలు, అక్కడ శనగగింజంత బొక్క పడుతుంది.

తుంగభద్ర_డెకర్, బుధవారం రాత్రి 11:48

అయింది సామీ! బళ్లారి చౌరస్తా దగ్గర 26 గేజ్ తీగ దొరికింది, ఇత్తడి బోల్టులు, వాషర్లు, వైరు అన్నీ కలిపినా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చులో సగం కూడా కాలేదు. స్పీకర్ వైరు పీకి పారేసినా. వాషర్లు కొత్తవైనా ఉప్పు కాగితంతో రెండు రుద్దులు రుద్దినా. తీగ మీద ఇప్పుడు 11.7 ఓల్టులు. రెండు బోల్టులూ చల్లగా ఉన్నాయి. స్విచ్ వేసి పది అంకెలు లెక్కపెట్టేలోపు రెడీ.

మొదట ‘శు’ కోసి షీటు తిప్పి చూసినా, పైనా కిందా ఒకటే. ‘భ’కి సోల్డరన్న చెప్పినట్టు మెలిక దగ్గర ఆగకుండా విల్లు కాదు షీటు తిప్పినా, బొక్క పడలేదు. ‘వివాహం’లో సున్నా మాత్రం రెండుసార్లు పాడైంది, మధ్యలో ముక్క తీయడానికి తీగ విప్పి దూర్చాలి కదా, మళ్లీ బిగించేటప్పుడు కుడి బోల్టు సరిగా బిగించలేదు, తీగ లేవలేదు. ఈసారి కంగారు పడలే, మీటరు పెట్టి చూస్తే ఆ బోల్టు దగ్గరే 0.6. బిగించగానే లేచింది.

అనంత_వైండింగ్, గురువారం ఉదయం 6:20

శభాష్. అక్షరాల లోపలి సున్నాలకి ప్రతిసారీ విప్పి బిగిస్తుంటే మరలు అరిగి మళ్లీ అదే గొడవ వస్తుంది. వాటికి అరచేయంత చిన్న విల్లు ఇంకోటి చేసుకో, ఒక పక్క రెక్కల నట్టు పెట్టు. దానికి పది సెంటీమీటర్ల తీగే పడుతుంది కాబట్టి ఇదే 12 ఓల్టులు పెట్టావంటే క్షణంలో కాలి తెగుతుంది. 2 ఓల్టులు కావాలి. పెళ్లి అయ్యాక రా, నా దగ్గర పాత ట్రాన్స్‌ఫార్మర్ కోరు ఒకటి ఉంది, లావు వైరుతో నాలుగు చుట్లు ఎక్కువ తక్కువ చూసి చుట్టి ఇస్తా.

తుంగభద్ర_డెకర్, గురువారం ఉదయం 6:35

ఆదివారం అనంతపురం వస్తా. ఆ స్పీకర్ వైరు మీకేమైనా పనికొస్తుందా, చెత్తబుట్టలోంచి మళ్లీ తీసినా.

అనంత_వైండింగ్, గురువారం ఉదయం 6:37

స్పీకర్‌కి పెట్టు నాయనా.